నూరు మానవ సంవత్సరాలు, ఒక్క పేరు: ద్రవ ఇంధన రాకెట్ కథనాలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

భారతదేశపు ద్రవ ఇంధన రాకెట్ కార్యక్రమం అనేకుల దీర్ఘకాలిక సమష్టిశ్రమతో రూపొందింది. అయితే తెలుగు పాఠకునికి, ప్రేక్షకునికి ఆ చరిత్ర ఏకనాయక కథలుగానే చేరింది. ‘ఒక విజేత ఆత్మకథ’ అనువాదాన్ని, ‘రాకెట్రీ’, ‘అంతరిక్షం’ చిత్రాలను పరిశీలించి, ఈ కథనరూపం వల్ల ఏ అంశాలు మరుగున పడుతున్నాయో చర్చించడం ఈ వ్యాసోద్దేశం. సమష్టిచరిత్రను చెప్పగల కథనరూపం మన సాహిత్యసంప్రదాయంలోనే ఉందని, పాల్కురికి సోమనాథుని బసవపురాణ నిర్మాణం అందుకు ఒక ఆధారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ద్రవ ఇంధన రాకెట్, వికాస్ ఇంజిన్, జీవితచరిత్ర, ఏకనాయక కథనం, శ్రీహరికోట, బసవపురాణం

1. ప్రవేశిక

1974లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఫ్రాన్సుకు చెందిన ఎస్ఈపీ సంస్థతో ఒక ఒప్పందం కుదుర్చుకుంది. ఆ సంస్థ అభివృద్ధి చేస్తున్న వైకింగ్ అనే ద్రవ ఇంధన ఇంజిన్ పరిజ్ఞానాన్ని భారతీయులకు అందించడం ఆ ఒప్పందసారం. అందుకు ప్రతిఫలం ప్రధానంగా డబ్బు రూపంలో లేదు. భారతీయ ఇంజినీర్లు అక్కడి పనిలో పాలుపంచుకొని నూరు మానవ సంవత్సరాల శ్రమను అందించాలన్నది షరతు. ఒక మనిషి ఒక సంవత్సరం చేసే పని ఒక మానవ సంవత్సరం. అంటే పరిజ్ఞానానికి మనం చెల్లించిన వెల మనుషుల కాలం. ఆ ఇంజిన్‌కు భారతీయరూపమైన వికాస్‌ను 1985లో ఫ్రాన్సులోని వెర్నాన్‌లో మండించి పరీక్షించారు. నేడు పీఎస్ఎల్‌వీ రెండవ దశలో, జీఎస్ఎల్‌వీ రెండవ దశతోపాటు దానికి చుట్టూ అమర్చిన నాలుగు అనుబంధ దశల్లో, ఎల్‌వీఎం-3 మధ్యదశలో పనిచేస్తున్నది ఈ కుటుంబానికి చెందిన ఇంజినే. 2008 నాటి చంద్రయాన్-1, 2013 నాటి మంగళయాన్, 2023 నాటి చంద్రయాన్-3 ప్రయాణాలన్నింటిలోనూ దాని పాత్ర ఉంది.

ఇంతటి చరిత్ర తెలుగులోకి ఏ రూపంలో వచ్చింది? శాస్త్రసాంకేతిక వ్యాసాలను మినహాయిస్తే, సాధారణ పాఠకునికి ఇది ఆత్మకథగానూ చలనచిత్రంగానూ మాత్రమే పరిచయం. ఈ రెండు ప్రక్రియలకూ కేంద్రం వ్యక్తి. ఆ వ్యక్తులు గొప్పవారా కారా అన్నది ఇక్కడి చర్చ కాదు. నూరు మానవ సంవత్సరాలు ఒక్క పేరుగా కుదించుకుపోయినప్పుడు చరిత్రలోని ఏ భాగం చెప్పరానిదవుతుంది? ఆ నష్టం ఎవరిది? ఈ రెండు ప్రశ్నలే ఈ పరిశీలనకు ఆధారం.

2. ఘనం, ద్రవం: సాంకేతికభేదం, కథనభేదం

కథనాల్లోకి వెళ్లేముందు ఒక సాంకేతికభేదాన్ని గుర్తించడం అవసరం. ఘన ఇంధన రాకెట్‌లో ఇంధనం, దానిని మండించే ఆక్సీకారిణి రెండూ ఒకే ముద్దగా కలిసి ఉంటాయి. ఒకసారి అంటుకుంటే అది పూర్తిగా కాలిపోయేదాకా ఆగదు. ద్రవ ఇంధన రాకెట్‌లో ఆ రెండూ వేర్వేరు ట్యాంకుల్లో ఉంటాయి. పంపులు వాటిని తోడి, కవాటాల గుండా, నిర్ణీత నిష్పత్తిలో దహనగదికి పంపాలి. వికాస్‌లో వాడే ద్రవాలు ఒకదానికొకటి తగలగానే వాటంతట అవే మండుతాయి. అవి విషపూరితమైనవి కూడా. అందువల్ల ప్రతి అతుకు, ప్రతి గొట్టం, ప్రతి కవాటం నమ్మదగినవిగా ఉండాలి. ఇంత సంక్లిష్టతకు ఫలితంగా లభించేది నియంత్రణ. ద్రవ ఇంజిన్‌ను నేలమీద పలుమార్లు మండించి చూడవచ్చు. అవసరమైతే ఆపవచ్చు.

ఆపగలగడం అంటే ఏమిటో 2001లో స్పష్టమైంది. ఆ ఏడాది మార్చి 28న జీఎస్ఎల్‌వీ తొలి ప్రయోగంలో అనుబంధ ఇంజిన్లు అంటుకున్నాయి. వాటిలో ఒకటి తగినంత తోపుడుబలాన్ని ఇవ్వడంలేదని స్వయంచాలక వ్యవస్థ గుర్తించి, నౌక పైకి లేవడానికి ఒక సెకను ముందు ప్రయోగాన్ని నిలిపివేసింది. నౌక వేదికమీదే నిలిచిపోయింది. లోపాన్ని సరిచేసి, మూడువారాల తర్వాత ఏప్రిల్ 18న అదే నౌకను ప్రయోగించారు.

మన పత్రికాభాషలో రాకెట్ ఎప్పుడూ ‘దూసుకెళ్తుంది’, లేదంటే ‘కూలిపోతుంది’. ‘ఆగింది’ అన్న క్రియకు ఆ భాషలో గౌరవస్థానం లేదు. ద్రవ ఇంధన కార్యక్రమపు అసలు చరిత్ర మాత్రం పరీక్షించారు, ఆపారు, విప్పారు, మళ్లీ బిగించారు అన్న క్రియలతోనే నిండి ఉంది. ఈ క్రియలకు కర్త బహువచనంలోనే ఉంటాడు. దూసుకెళ్లే కథకు నాయకుడు ఒక్కడు చాలు. విప్పి బిగించే కథకు చాలదు. ఈ భేదాన్ని మనసులో ఉంచుకొని మూడు రచనలనూ పరిశీలించాలి.

3. ఆత్మకథలో ఒక కవాటం

ఎ.పి.జె. అబ్దుల్ కలాం, అరుణ్ తివారీ కలిసి రచించిన ఆంగ్లమూలం 1999లో వెలువడింది. వాడ్రేవు చినవీరభద్రుడు దానిని ‘ఒక విజేత ఆత్మకథ’ పేరుతో తెలుగులోకి తెచ్చారు. తెలుగునాట విద్యార్థులు విస్తృతంగా చదివిన గ్రంథాల్లో ఇదొకటి. ముందుగా శీర్షికను గమనించాలి. మూలశీర్షికలో అగ్ని ఉంది, రెక్కలు ఉన్నాయి, వ్యక్తి లేడు. తెలుగు శీర్షిక వ్యక్తిని ముందుకు తెచ్చి అతడిని విజేతను చేసింది. అయితే ‘ఒక’ అన్న విశేషణం ఆ విజేతను పలువురిలో ఒకడిగా చేసి కొంత అణకువను నిలిపింది. ఈ రెండు ధోరణుల మధ్య ఘర్షణ పుస్తకమంతటా కనిపిస్తుంది.

కలాం నేతృత్వం వహించిన ఎస్ఎల్‌వీ-3 నాలుగు దశలూ ఘన ఇంధనంతో పనిచేసేవే. కాబట్టి ఈ గ్రంథంలో ఉపగ్రహవాహక నౌక కథ అంటే ప్రధానంగా ఘన ఇంధన కథ. అయినా ఆ నౌక తొలి వైఫల్యానికి కారణం ఒక ద్రవం కావడం విశేషం. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగసిన నౌక రెండవ దశలో అదుపు తప్పి సముద్రంలో పడింది. ఆ దశను నియంత్రించే వ్యవస్థలోని ఒక కవాటం సరిగా మూసుకోక నత్రికామ్లం కారిపోవడమే అందుకు కారణమని విచారణలో తేలింది. కౌంట్‌డౌన్ చివరిఘట్టంలో ఆ కారుడు తమ దృష్టికి వచ్చినా దానిని స్వల్పంగా భావించానని, ఆ బాధ్యత తనదేనని కలాం సమీక్షాసమావేశంలో ప్రకటించినట్లు గ్రంథం చెబుతుంది.

ఆత్మకథగా ఇది ఉదాత్తమైన ఘట్టం. కథననిర్మాణం దృష్ట్యా చూస్తే మరొకటి కూడా గమనానికి వస్తుంది. ఇక్కడ కారణపరంపరకు మూడు అంచెలున్నాయి. మొదటిది కవాటం, రెండవది ఆమ్లపు కారుడు, మూడవది నాయకుని నిర్ణయం. గ్రంథం తన బరువునంతా మూడవ అంచెమీద మోపింది. మొదటి రెండూ సమాచారంగా మిగిలిపోయాయి. కవాటాన్ని ఎవరు తయారుచేశారు, ఎవరు శుభ్రపరిచారు, ఎలా పరీక్షించారు, ఆ వైఫల్యం తర్వాత పరీక్షాపద్ధతి ఎలా మారింది అన్న ప్రశ్నలు కథలోకి రావు. యంత్రపు లోపం నాయకుని శీలానికి పరీక్షగా మారిపోయింది. పాఠకుడు బాధ్యతను స్వీకరించడం నేర్చుకుంటాడు. లోపాన్ని కనిపెట్టడం ఎలాగో నేర్చుకోడు.

గ్రంథం సహచరులను విస్మరించిందనడం అన్యాయం. పుటపుటకూ పేర్లున్నాయి, కృతజ్ఞతలున్నాయి. కానీ ఆ పేర్లు నాయకుని ప్రయాణంలో ఎదురైనవారి పేర్లుగానే వస్తాయి. వారికి స్వంత కథనకేంద్రం లేదు. ఇది రచయితల దోషం కాదు, ఆత్మకథ ప్రక్రియకున్న పరిమితి. ఒక ప్రక్రియ పరిమితిని చరిత్ర పరిమితిగా మనం భ్రమపడటమే అసలు సమస్య.

4. ‘రాకెట్రీ’: అన్యాయానికి గురైన వ్యక్తి, అదృశ్యమైన సమూహం

ద్రవ ఇంధన కార్యక్రమాన్ని నేరుగా ఇతివృత్తంగా తీసుకొన్న ప్రధాన చిత్రం ఆర్. మాధవన్ రచన, దర్శకత్వం, నటనలతో 2022 జూలై 1న విడుదలైన ‘రాకెట్రీ: ది నంబి ఎఫెక్ట్’. తెలుగులోకి అనువదితమైన ఈ చిత్రానికి 2021 సంవత్సరపు ఉత్తమ కథాచిత్రంగా జాతీయ పురస్కారం లభించింది. వెర్నాన్‌లో భారతీయ బృందానికి నాయకత్వం వహించిన నంబి నారాయణన్ జీవితం దీనికి ఆధారం. 1994 నవంబరులో ఆయనను గూఢచర్యం ఆరోపణపై అరెస్టు చేశారు. ఆ ఆరోపణ నిరాధారమని 1996లో సీబీఐ తేల్చింది. 2018 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఆయనకు యాభై లక్షల రూపాయల పరిహారాన్ని ఆదేశించింది.

ఈ నేపథ్యంలో ఒక్క వ్యక్తిపై కేంద్రీకరించే హక్కు చిత్రానికి ఉంది. అన్యాయం జరిగింది వ్యక్తికి, అతని కుటుంబానికి. ఒక ప్రసిద్ధ నటుడు తన స్వంతపేరుతోనే కనిపించి నిర్వహించే ఇంటర్వ్యూ చట్రంలో కథ నడుస్తుంది. చివర్లో నటుని స్థానంలో అసలు నంబి నారాయణన్ ప్రత్యక్షమవుతారు. సమాజం తరఫున క్షమాపణ చెప్పే ఆ ఘట్టం చిత్రంలో అత్యంత బలమైనది. సాక్ష్యంగా, నిరసనగా చిత్రం తన పని నెరవేర్చింది.

సమస్య వెర్నాన్ భాగంలో ఉంది. అక్కడి బృందసభ్యుడు ఉన్ని బిడ్డ స్వదేశంలో మరణిస్తాడు. పని ఆగిపోకూడదని నంబి ఆ వార్తను అతనికి చెప్పకుండా దాచిపెడతాడు. నిజం తెలిశాక ఉన్ని దుఃఖం కోపంగా మారుతుంది. ఒక ఇంజిన్ కోసం ఒక మనిషి ఏమి పోగొట్టుకున్నాడో చెప్పగల ఘట్టమిది. నూరు మానవ సంవత్సరాలన్న లెక్కకు తొలిసారి ముఖం ఏర్పడే అవకాశం ఇక్కడే ఉంది. కానీ చిత్రం ఆ దుఃఖాన్ని నాయకుని కఠోరదీక్షకు నిదర్శనంగా వాడుకొని ముందుకు సాగుతుంది. నైతికప్రశ్న ఉదయించి, ఇంజిన్ పరీక్ష విజయంలో కరిగిపోతుంది. ఆ విజయపు ఆనందంలో ఉన్ని పాలు ఎంత, అతడు కోల్పోయినదాన్ని ఎవరు గుర్తుంచుకున్నారు అని ప్రేక్షకుడు అడిగే వ్యవధి లేదు.

ఈ కథనవిధానానికి ఒక పర్యవసానం చిత్రం వెలుపల కనిపించింది. ద్రవచోదక వ్యవస్థల కేంద్రానికి సంచాలకునిగా పనిచేసిన ఎ.ఇ. ముత్తునాయగం సహా ఇస్రో మాజీ శాస్త్రవేత్తలు కొందరు, చిత్రంలోని అనేక అంశాలు వాస్తవవిరుద్ధమని 2022 ఆగస్టులో బహిరంగంగా ఆక్షేపించారు. ఆ వివాదంలో తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. విమర్శకుడు గమనించవలసింది వేరు. ఒక చరిత్రకు ఒకే నాయకుడు ఉంటాడన్న సూత్రాన్ని అంగీకరిస్తే, ఆ స్థానం ఎవరిదన్న తగవు తప్పదు. ఒకరికి ఘనత దక్కడం మరొకరికి అపహరణగా తోస్తుంది. పలువురి శ్రమకు ఒక్క సింహాసనం వేయడంలోనే ఆ తగవుకు మూలం ఉంది. అందుచేత ఇక్కడ కథనరూపం సౌందర్యసమస్య మాత్రమే కాదు, న్యాయసమస్య కూడా. ఒక వ్యక్తికి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దబూనిన కథ ఇతరులకు అన్యాయం చేసిందన్న ఫిర్యాదుకు లోనుకావడం ఈ రూపంలోని ఇరుకును తెలుపుతుంది.

5. ‘అంతరిక్షం’: నేల లేని ఆకాశం

సంకల్ప్‌రెడ్డి దర్శకత్వంలో 2018 డిసెంబరు 21న విడుదలైన ‘అంతరిక్షం 9000 కేఎంపీహెచ్’ నేరుగా తెలుగులో నిర్మితమైంది. ఇది కల్పిత కథ. అదుపు తప్పిన మిహిర అనే ఉపగ్రహాన్ని సరిచేయడానికి, గతవైఫల్యపు భారం మోస్తున్న శాస్త్రవేత్త దేవ్ అంతరిక్షంలోకి వెళ్తాడు. తెలుగు సినిమాకు కొత్త వస్తువును తెచ్చిన సాహసం ప్రశంసనీయం. అయితే ఇక్కడ వాహకనౌక నాయకుణ్ణి పైకి చేర్చే వాహనం మాత్రమే. దాన్ని నిలబెట్టిన నేల కథలో పాత్ర కాలేదు. పైగా ఉపగ్రహ వైఫల్యానికి మందు ఒక మనిషి స్వయంగా వెళ్లి చేతితో సరిదిద్దడం. వాస్తవంలో మంగళయాన్‌లోని చిన్న ద్రవ ఇంజిన్ దాదాపు మూడువందల రోజులు నిద్రాణంగా ఉండి, 2014 సెప్టెంబరు 24న అంగారకుని చేరువలో భూమినుంచి ముందే పంపిన ఆదేశాలమేరకు మళ్లీ మండింది. ఆ రోజున ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. సంవత్సరాలముందు చేసిన పరీక్షలే ఆ క్షణాన పనిచేశాయి. నిరీక్షణలోని ఈ ఉత్కంఠను చెప్పే భాష మన సినిమాకు ఇంకా అలవడలేదు.

6. కథలో కనిపించనివారు

మూడు రచనలూ విడిచిపెట్టిన రెండు స్థలాలు తెలుగునేలమీదే ఉన్నాయి. మొదటిది శ్రీహరికోట. 1969లో ప్రయోగకేంద్రానికి ఎంపికైన ఈ ద్వీపం నుంచి 1971 అక్టోబరు 9న తొలి పరిశోధనా రాకెట్ ఎగిరింది. అప్పటికి అది నిర్జనద్వీపం కాదు. పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ ఉన్న ఆ అడవుల్లో యానాదులు జీవించేవారు. కేంద్రం రావడంతో ద్వీపవాసులు తరలవలసివచ్చింది. ప్రయోగకేంద్రానికి సముద్రతీరం, జనసాంద్రత లేని నేల అవసరమన్నది శాస్త్రీయకారణమే. కానీ ‘జనం లేని చోటు’ అన్న మాటలో అక్కడున్న జనం లెక్కలోకి రాకపోవడం కథనసమస్య. రాకెట్ కథ వేదికమీద మొదలవుతుంది కనుక, వేదికకు ముందున్న నేల దానికి వస్తువు కాలేదు.

రెండవది హైదరాబాదు. 1970లో బాలానగర్ ప్రాంతంలో మొదలైన ఎంటార్ సంస్థ వికాస్ ఇంజిన్ భాగాలను తయారుచేస్తున్నది. 1973లో కంచన్‌బాగ్‌లో స్థాపితమైన మిధాని అంతరిక్ష, రక్షణరంగాలకు ప్రత్యేకమిశ్రమలోహాలను అందిస్తున్నది. ఇంజిన్ గీతలు కాగితంమీద ఎక్కడ పుట్టినా, లోహంగా మారింది ఇలాంటి కార్ఖానాల్లోనే. లేతుమీద వెంట్రుకవాసి తేడా లేకుండా భాగాన్ని మలిచిన కార్మికుని నైపుణ్యం లేకుంటే నూరు మానవ సంవత్సరాల విద్య నిష్ఫలం. తెలుగు నవలకు, కథకు గని తెలుసు, మగ్గం తెలుసు, బీడీపరిశ్రమ తెలుసు. ఈ కార్ఖానా మాత్రం ఇంకా తగినంతగా తెలియలేదు.

ఈ లోటు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి జిల్లాల తరగతిగదిలో ప్రత్యేకంగా తెలుస్తుంది. జనగామ జిల్లా పెంబర్తిలో రేకును సుత్తితో మలిచే ఇత్తడి పనివారున్నారు. మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ రైల్వేకూడలి. భూపాలపల్లి బొగ్గుగనుల ఊరు. అక్కడి విద్యుత్కేంద్రం వెలుగు వెనుక గనిలో దిగిన షిఫ్టు ఉందని ఆ ఊరి విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు. భూమిని అప్పగించడమంటే ఏమిటో కూడా అతనికి తెలుసు. అటువంటి విద్యార్థికి రాకెట్ కథను ఒక అసాధారణ ప్రతిభావంతుని కథగా మాత్రమే చెప్పినప్పుడు, ఆరాధించడం తప్ప అందులో అతనికి వేరే స్థానం మిగలదు. దానినే అనేకుల పనిగా చెబితే, తన ఇంటివారి పనికీ ఆ పనికీ ఉన్న బంధుత్వాన్ని అతడు గుర్తిస్తాడు. స్ఫూర్తి పేరుతో మనం బోధిస్తున్నది దూరాన్నా, దగ్గరితనాన్నా అని అధ్యాపకులు ఆలోచించవలసి ఉంది.

7. పాలకుర్తి చూపిన దారి

సమష్టికథనం సాధ్యమేనా, అది చప్పగా ఉండదా అన్న ఆక్షేపణ సహజం. చదువరికి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, నిజమే. అయితే ఒక మనిషి కావాలనడం వేరు, ఒకే మనిషి కావాలనడం వేరు. ఈ భేదాన్ని తెలుగులో పదమూడవ శతాబ్దం నాటికే పాల్కురికి సోమనాథుడు ఆచరించి చూపాడు. ఆయన జన్మస్థానమైన పాలకుర్తి నేటి జనగామ జిల్లాలోనిదని సాహిత్యచరిత్రకారులు ఎక్కువమంది అంగీకరించారు.

ద్విపదలో ఏడాశ్వాసాలుగా సాగే బసవపురాణానికి కేంద్రం బసవేశ్వరుడే. కానీ కావ్యం ఆయన జీవితంవద్దే ఆగదు. కథలో కథగా కుమ్మరి గుండయ్య, చాకలి మడివాలు మాచయ్య, మాదర చెన్నయ్య మొదలైన భక్తులు వస్తారు. వారు బసవన్నకు అనుచరులుగా రారు. ఒక్కొక్కరూ తమ కథకు తామే నాయకులు. వారి వృత్తి వారి గుర్తింపులో భాగంగా నిలుస్తుంది. గుండయ్య కథలో కుండ అలంకారం కాదు, కథను నడిపే వస్తువు. కేంద్రనాయకుడు ఉండగానే ఇతరులకు స్వంతకేంద్రాలను ఇవ్వగల నిర్మాణమిది.

ఈ పోలికకు పరిమితులున్నాయి. సోమనాథుని లక్ష్యం మతప్రతిష్ఠ. అద్భుతాలు ఆ కథల ప్రాణం. శాస్త్రచరిత్రకు అద్భుతం పనికిరాదు. భక్తుల ఏకాభిప్రాయానికి భిన్నంగా శాస్త్రసమూహంలో వాదవివాదాలు తప్పనిసరి. కనుక మనం తీసుకోవలసింది ఆ కావ్యభావాన్ని కాదు, నిర్మాణాన్ని. వెర్నాన్ ఇంజినీరు, మహేంద్రగిరి పరీక్షాకేంద్రపు సాంకేతికుడు, బాలానగర్ లేతుపనివాడు, పులికాట్ తీరపు యానాది వృద్ధురాలు ఒక్కొక్కరూ తమ అధ్యాయానికి తామే కేంద్రమయ్యే గ్రంథాన్ని ఊహించవచ్చు. అందులో కలాంకు, నంబి నారాయణన్‌కు, ముత్తునాయగంకు కూడా అధ్యాయాలుంటాయి. ఒకరి అధ్యాయం మరొకరి అధ్యాయాన్ని కొట్టివేయదు. పరస్పరం విభేదించే జ్ఞాపకాలను కూడా అది పక్కపక్కన నిలపగలదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. మొదటిది, తెలుగులో లభిస్తున్న రాకెట్ కథనాలు వ్యక్తికేంద్రిత ప్రక్రియలకు చెందినవి కావడంవల్ల కార్యక్రమపు సమష్టిస్వభావం వాటిలో నేపథ్యంగా మారింది. రెండవది, ఈ రూపం ఘనతను ఏకవచనంలో పంచి, ‘రాకెట్రీ’ విషయంలో జరిగినట్లు, సహచరుల మధ్య చరిత్ర గురించిన తగవుకు తావిచ్చింది. మూడవది, శ్రీహరికోట ద్వీపవాసులు, హైదరాబాదు కార్ఖానాల పనివారు ఈ కథల వెలుపలే ఉండిపోయారు.

పరిశోధకులు చేయగల పని ఇక్కడ స్పష్టంగా ఉంది. తెలుగు, చరిత్ర, భౌతికశాస్త్ర శాఖల విద్యార్థులు కలిసి, పదవీవిరమణ చేసిన సాంకేతికుల, కార్మికుల, తరలిన కుటుంబాల మౌఖికకథనాలను తెలుగులో నమోదు చేయాలి. 1974లో ఇరవయ్యయిదేళ్ల వయసున్నవారు నేడు డెబ్భై అయిదు దాటారు. ఇక జాప్యం చేస్తే మనకు మిగిలేవి ప్రకటనలు, పురస్కారాలు, చిత్రాలు మాత్రమే. పరిజ్ఞానానికి వెలగా చెల్లించిన నూరు సంవత్సరాలు ఎవరెవరి ఆయుష్షులోవో అడిగి రాసుకోవడానికి మిగిలిన కాలం తక్కువ.